దొరగారి తొట్టిలో నీటిఏనుగు

ఒక పెద్ద అడవిలో ఒక బురద మడుగు. ఆ మడుగే రాజధాని కావడం వెనక గొప్ప ఆలోచన ఏమీ లేదు. సముద్రం అవతల నుంచి తెల్ల పొట్టేళ్లు వచ్చి, ఆఫ్రికా నడిబొడ్డుకి ఇనప పట్టాలు వేసుకుంటూ పోతుంటే, సరిగ్గా అక్కడ బండి మొరాయించింది. దిగారు, టీ కాచుకున్నారు, ఇదే రాజధాని అన్నారు.

చల్లగాలి తగిలే గుట్ట మీద పొట్టేళ్ల బంగళాలు లేచాయి. కింద మడుగు పక్కన మిగతా జనం. గుట్ట ఊడ్చడానికి పొద్దున్నే పైకి పోవాలి, చీకటి పడేలోపు కిందికి దిగాలి. అడవిపంది మకేనా ఆ మడుగు గట్టునే, వాళ్ల అమ్మమ్మ తవ్విన బొరియలో పుట్టింది.

కొన్నాళ్లకి జనం తిరగబడ్డారు. అందరికంటే గట్టిగా అరిచింది నీటిఏనుగు కిబోకో. నడుం లోతు బురదలో నిలబడి, "ఈ బురదలో పుట్టాం, ఈ బురద మనది!" అంటే, వింటున్న మకేనాకి కళ్లనీళ్లు ఆగలేదు.

పొట్టేళ్లు వెళ్లిపోయాయి. కిబోకో అధ్యక్షుడై గుట్టెక్కాడు. ఏరు దాటాక తెప్ప తగలేసే రకమని అప్పటికి ఎవరికీ తెలియదు. పెద్ద పొట్టేలు బంగళాలో ఒక ఉన్ని కోటూ, ఒక ఉన్ని టోపీ దొరికితే రెండూ తగిలించుకున్నాడు. వీధులకి పొట్టేళ్ల పేర్లు తీయించి తన పేరు, భార్య పేరు, బావమరిది పేరు పెట్టించాడు. వీధులు అయిపోయాయి గానీ బావమరుదులు అయిపోలేదు.

ఇంతలో స్వాతంత్ర్యోత్సవాలకి వెనకటి పెద్ద పొట్టేలు దొరగారే అతిథిగా వస్తున్నారని కబురొచ్చింది. వెంటనే సభ పెట్టారు.

"దొరలకి బురద కంపు గిట్టదండి," అంది కొండముచ్చు కార్యదర్శి. పొట్టేళ్ల కాలంలోనూ కార్యదర్శి అదే. "మడుగు పూడ్చి పచ్చిక పెంచితే, ఆయన దేశంలాగే ఉంటుంది."

"పూడ్చాల్సిందే, పూడ్చకూడదు కూడా," అంది చారల గుర్రం. దాని అభిప్రాయం ఎప్పుడూ దాని ఒంటిలాగే ఉంటుంది.

కబురు తెలిసి మకేనా పిల్లల్ని వెంటేసుకుని గుట్టెక్కింది.

"అయ్యా, ఈ గట్టు తప్ప మాకు వేరే చోటు లేదు. పసిపిల్లల తల్లిని."

"దేశం కోసం కాస్త త్యాగం చెయ్యాలమ్మా."

"మరి మీరో? ఎండ తగిలితే మీ ఒళ్లు పగులుతుంది. ఆ నీళ్లు నాకంటే మీకే ఎక్కువ కావాలయ్యా."

"అవన్నీ అడవి అలవాట్లు," అన్నాడు కిబోకో, కోటు గుండీ పెట్టుకుంటూ. గుండీ తెగి చారల గుర్రం కంట్లో పడింది.

మడుగు పూడ్చారు. మకేనా పిల్లలతో రోడ్డు పక్కన పడింది. ఎర్రటి ఎండలు వచ్చాయి. ఉన్ని కోటులో అధ్యక్షుడి ఒళ్లు బీటలు వారి మంటెత్తింది. మడుగు కోసం కిటికీలోంచి చూస్తే పచ్చిక కనిపించింది. చేసేది లేక దొరగారి స్నానాల తొట్టిలో దిగాడు. అది పొట్టేలు కొలతకి చేసిన తొట్టి. దిగడం అయితే దిగాడు గానీ, పైకి రావడం అతని వల్ల కాలేదు.

ఉత్సవం నాడు నాలుగు దున్నలు తొట్టితో సహా అధ్యక్షుణ్ణి వేదిక మీదికి మోసుకొచ్చాయి. "ఇది మన సంప్రదాయ పల్లకీ," అని కొండముచ్చు అతిథికి చెప్పింది.

పెద్ద పొట్టేలు కళ్లజోడు పెట్టుకుని చుట్టూ చూసింది.

"మడుగేది? గడ్డి మా ఇంట్లో లేకనా? ముసలితనంలో ఒక్కసారి ఆ బురద చూసి పోదామని ఇంత దూరం వచ్చానే!"

 "తవ్వండి!" అని తొట్టిలోంచి అరిచాడు కిబోకో.

తవ్వడం అడవిపందుల పని. మకేనా అందరికంటే ముందు దిగింది. తన చోటు తనకి దక్కుతుందన్న ఆశతో కోరలు అరిగేదాకా తవ్వింది. నీళ్లు ఊరాయి. తొట్టిని అందులోకి దొర్లిస్తే అది పగిలి అధ్యక్షుడు బయటపడ్డాడు. పొట్టేలు చప్పట్లు కొట్టి, ఇంత సహజమైన మడుగు ఎక్కడా చూడలేదంది.

మకేనా పిల్లల్ని తీసుకుని గట్టు మీదికి వచ్చేసరికి కాపలా దుమ్ములగొండి అడ్డం నిలబడింది.

"ఇది ఇప్పుడు జాతి సంపద. అతిథులకి మాత్రమే."

"తవ్వింది నేనేగదయ్యా! ఇది మా అమ్మమ్మ చోటు!"

నీళ్ల మీద రెండు కళ్లు, రెండు ముక్కుపుటాలు తేలాయి. "చెల్లీ మకేనా," అంది ఆ ముక్కు ఎంతో ఆప్యాయంగా, "జాతి సంపద అంటే జాతి అందులో దిగకూడదనే గదమ్మా. నువ్వు మా మనిషివి కాబట్టి కొట్టించకుండా చెబుతున్నాను. ఇంక వెళ్లు."

ఒళ్లు మండిపోయింది మకేనాకి. వాళ్ల అమ్మమ్మని పొట్టేళ్లు గుట్ట మీంచి తరిమినప్పుడు, పాపం ఆ ముసల్దానికి ఒక్క ముక్క అర్థం కాలేదట. మకేనాకి ప్రతి ముక్కా అర్థమైంది. పిల్లల్ని తోలుకుని రోడ్డు పక్కకి నడిచింది.

నీతి: స్వరాజ్యం వల్ల ఒరిగిందేమీ లేదనకండి; వెనకటి రోజుల్లో పరాయి భాషలో వెళ్లగొట్టేవారు, ఇప్పుడు మాతృభాషలో వెళ్లగొడుతున్నారు.