అద్దంలో కొట్టం

"ఈ భవనం ఎండను లోపలికి రానివ్వదు. వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది!" అని పశ్చిమ మండలాల పలకల ప్రగతి సంస్థ ఎండీ వెంకటసుబ్బయ్యగారు మార్కాపురంలో ప్రకటించగానే మేమంతా చప్పట్లు కొట్టాం. మా ఊళ్లో ఎండకు ఎదురు చెప్పిన మొదటి అధికారి ఆయనే.

నాలుగంతస్తులు, నాలుగు పక్కలా అద్దమే. పలకల సంస్థ ఆఫీసుకు ఒక్క పలక ముక్కయినా వాడలేదేమని ఒక విలేకరి అడిగాడు. "పలక పాతకాలం. ప్రజలకు కావలసింది పారదర్శకత" అన్నారు ఎండీగారు. ఆ అద్దంలోంచి లోపలివాళ్లకు బయట కనిపిస్తుంది, బయటివాళ్లకు లోపల కనిపించదు. పారదర్శకతలో ఇంత పొదుపు నేనెక్కడా చూడలేదు.

అంతలో కరెంటు ఆదా చేసే భవనాలకు ఢిల్లీలో పోటీ పెట్టారు. ఒక ఫోటో పంపితే చాలన్నారు. అది తీసే భాగ్యం ఏబేలు స్టూడియోకు, అంటే నాకు దక్కింది. ఏ మూల నుంచి తీసినా, రోడ్డుకు అవతల ఉన్న అజీజున్నీసక్క కొట్టమే అద్దం నిండా పడుతోంది. విరిగిన పలకలు పేర్చిన గోడలు, పైన బోదగడ్డి కప్పు. అందులో కూర్చొని ఆమె బడిపిల్లల పలకలకు చెక్క ఫ్రేములు బిగిస్తుంది. ఆమెకున్న ఆధారం అదొక్కటే.

"నా బిల్డింగులో ఆవిడ కొట్టం ఎందుకుందయ్యా?"

"మీది అద్దం గద సార్."

"అయితే కొట్టం తీసేయించండి."

అక్క వాకిట్లో అడ్డంగా నిలబడింది. "మా అబ్బా కట్టినాడు సార్. దీన్ని పీకితే నేను యాడ కూర్చొని పని చేసుకోవాల? పట్టా గూడ ఉంది."

పట్టా మాట వినగానే ఎండీగారు ఎంతో మర్యాదగా వెనక్కి తగ్గారు. కారణం లేకుండా కూల్చడం చట్టవిరుద్ధమని వారికి తెలుసు. కారణం వెతకడానికి కమిటీ వేశారు. పోటీకి గడువు ఆ సాయంత్రమే కావడంతో ఫోటో మాత్రం కొట్టంతో సహా వెళ్లిపోయింది.

మే నెల వచ్చింది. ఎండ వెనక్కి వెళ్లడం మరచిపోయింది. కరెంటు ఆదా భవనం గనుక ఏసీ పెట్టకూడదు, అంతా అద్దం గనుక కిటికీల్లేవు. మొదట టైపిస్టు జ్ఞానమ్మ ల్యాప్‌టాప్ పట్టుకొని కొట్టంలోకి వచ్చేసింది. తర్వాత సెక్షన్లకు సెక్షన్లే వచ్చాయి. మూడో రోజు ఎండీగారు రిజిస్టర్లో "ఫీల్డ్ విజిట్" అని రాసి వచ్చి, గోడ పక్కన పీట మీద కూర్చున్నారు. అక్క కుండలోంచి నీళ్లు ముంచి ఇచ్చింది.

"ఏంది సార్, అట్ల తడిసిపోయినారు?"

"మన భవనం పనితీరును బయటినుంచి పరిశీలిస్తున్నానమ్మా."

జూన్‌లో అవార్డు వచ్చింది. ప్రశంసాపత్రం పేపర్లో చదువుతుంటే నా ఒళ్లు పులకరించింది. "స్థానిక పలకరాతి గోడలు, గాలి ఆడే బోద కప్పు, ఏసీ అక్కర్లేని చల్లదనం. ఈ ప్రధాన కార్యాలయం దేశానికే ఆదర్శం." ఎండీగారు శాలువా కప్పించుకొని, ఆలోచన మొత్తం తమదేనని వినయంగా చెప్పారట.

పేపరు పట్టుకొని కొట్టానికి పరుగెత్తాను. ఫోటో చూసి అక్క కళ్లు తుడుచుకుంది.

"ఇంక నా కొట్టం జోలికి రారు గదా ఏబేలూ?"

"ఎట్లొస్తారక్కా! అవార్డొచ్చిన కొట్టమాయె!" అన్నాను. నాకు నిజంగానే సంతోషం వేసింది.

మర్నాడు ఎండీగారు వచ్చి తమ పీట మీద కూర్చున్నారు. "చిత్తు రాసుకోవాలి, ఒక పలక ఇస్తావా అమ్మా?" అని అడిగారు. అక్క కొత్త పలక తుడిచి, బలపంతో సహా ఇచ్చింది. ఆయన చాలాసేపు రాసి, చెరిపి, మళ్లీ రాశారు. జ్ఞానమ్మ చేత టైపు చేయించి, ప్రింటు తెప్పించి, ముద్ర వేసి అక్క చేతికే ఇచ్చారు. చదివి పెట్టమని ఆమె పక్కనే ఉన్న నాకిచ్చింది.

"అవార్డు పొందిన మా ప్రధాన కార్యాలయపు డిజైనును తమరు అనుమతి లేకుండా కాపీ చేసి, దానికి ఎదురుగానే కొట్టం నిర్మించినట్లు కమిటీ నిర్ధారించినది. ఏడు దినములలో తొలగించవలెను."

అక్క నా ముఖం చూసింది, తర్వాత ఆయన ముఖం చూసింది.

"మా అబ్బా ముప్పై ఏండ్ల కింద కట్టినాడు సార్. ఆయన ఇప్పుడు లేడు గూడ."

"అందుకే ఆయన మీద చర్య తీసుకోవడం లేదమ్మా" అన్నారు ఎండీగారు దయగా. నోటీసు ముట్టినట్టు ఆమె చేత సంతకం పెట్టించుకొని, పీటను మరికాస్త గోడవారకు జరుపుకున్నారు.

"ఇంకో గ్లాసు నీళ్లు ఇవ్వమ్మా. ఆఫీసులో ఒకటే ఎండ."