రెండు గుటకల గౌరవం

మా జిల్లాలో ఇకపై వీధులు ఊడ్చేవాళ్ళను ఎవరూ 'నువ్వు' అనరాదని హోకిం గారు ప్రకటించారు. హోకిం అంటే జిల్లాకు అధిపతి. పేరు ఇర్గాష్ సాబిరోవిచ్. ఈ నెలకు 'మర్యాద మాసం' అని పేరు పెట్టి ఊరంతా బోర్డులు పెట్టించారు. వాటిని కట్టింది కూడా ఊడ్చేవాళ్ళే. కట్టమని చాలా మర్యాదగా అడిగారు.

మర్నాడు పొద్దున్నే ఆయన కారు దిగి, చీపురు పట్టుకున్న హలావత్ అక్క ముందు గుండె మీద చేయి పెట్టుకుని వంగారు. మా ఫెర్గానా లోయలో అంత లోతుగా వంగిన అధికారిని నేను చూడలేదు. నేను మా పత్రికకు ఫోటో తీస్తున్నానని తెలిసి రెండోసారి కూడా వంగారు.

"బాగున్నారా అక్కా? ఆరోగ్యం బాగుందా? పిల్లలు బాగున్నారా? మేక బాగుందా?"

"మేక బాగుందయ్యా. నీళ్ళే లేవు. మా వీధిలో నలభై కొంపలుంటే ఒక్క కుళాయి లేదు. ఊరంతా ఊడ్చొచ్చి, మళ్ళీ కాలవ దాకా పోయి బకెట్లు మోసుకోవాలి. నడుములు పడిపోతున్నాయి."

హోకిం గారి కళ్ళు చెమర్చాయి. వారంలో కుళాయి వచ్చింది. రిబ్బన్ కత్తిరించి ఆయనే స్వయంగా తిప్పారు. దారప్పోగంత నీళ్ళు వచ్చాయి. బ్యాండువాళ్ళు మూడు పాటలు వాయించేసరికి బకెట్ అడుగు తడిసింది.

"ఇదేంటయ్యా, ఇంత సన్నంగా?"

"అక్కా, గౌరవమైన అతిథి వస్తే కప్పులో టీ ఎంత పోస్తాం?"

"రెండు గుటకలు."

"నిండా పోస్తే?"

"తాగి లేచి పొమ్మని."

"మరి మిమ్మల్ని నేను పొమ్మంటానా?"

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. నీళ్ళ ఇంజనీరు ఎర్మాత్ గారు మాత్రం చప్పట్లు మానేసి రిజిస్టరులో రాసుకున్నారు: గౌరవం ఎక్కువైన చోట నీళ్ళు తక్కువ.

పది రోజుల తర్వాత హలావత్ అక్క ఎర్మాత్ గారి ఆఫీసుకు వెళ్ళింది. వార్త దొరుకుతుందని నేనూ వెళ్ళాను.

"తమ్ముడూ, ఈ గౌరవం మావల్ల కావట్లేదు. కాస్త తగ్గించవా?"

"ఆర్డరక్కా. మీ గౌరవం తగ్గిస్తే నా ఉద్యోగం ఊడుతుంది."

"పోనీ, హోకిం గారింట్లో నీళ్ళెలా వస్తాయి?"

"ధారగా. తోటలో ఫౌంటెన్ కూడా ఉంది."

"అంటే ఆయనకి మాకంటే తక్కువ గౌరవమా?"

ఎర్మాత్ గారి మొహం పాలిపోయింది. పద్దెనిమిదేళ్ళ సర్వీసులో పై అధికారిని ఆయన ఒక్కసారీ అగౌరవపరచలేదు. పానా పట్టుకుని పరుగెత్తారు.

మర్నాడు హోకిం గారింట్లో కుళాయి బొట్టుబొట్టుగా కారింది. మిగిలిన నీళ్ళు ఎటో ఒకవైపు పోవాలి కదా, హలావత్ అక్క వీధికి పోయాయి. ఆడవాళ్ళు బకెట్లు నింపుకున్నారు, దుప్పట్లు ఉతుక్కున్నారు, మేకకు కూడా స్నానం చేయించారు. అంతలో కారు వచ్చి ఆగింది. హోకిం గారు తల నిండా సబ్బు నురగతో దిగారు. గుండె మీద చేయి పెట్టుకోలేదు. ఆ చేత్తో తువ్వాలు పట్టుకున్నారు.

"ఒసేయ్, ఎవత్తే నా నీళ్ళు తిప్పుకుంది? కట్టెయ్యవే ఆ కుళాయి, చీపురు మొహమా."

హోకిం గారు కార్మికులతో సొంత ఇంటిమనిషిలా మాట్లాడారని నేను పత్రికకు రాశాను. మొదటి పేజీలో వేశారు. ఆ సాయంత్రమే ఎర్మాత్ గారు పానా తెచ్చి ఆ వీధికి గౌరవం తిరిగి ఇప్పించారు.

హలావత్ అక్క నన్ను దారిలో ఆపింది.

"ఆయన తిట్టినంతసేపూ నీళ్ళు బాగానే వచ్చాయయ్యా. రేపు కూడా వచ్చి తిట్టమని పేపర్లో రాయండి."