తెరచాపకు ట్రయల్

ఆ రోజు పొద్దున టైలరు వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటిలోపు పడవను ఇంటికి తేవాలి. అక్కగారింటికి వెళ్లిన భార్య తిరిగొచ్చేలోపు దాని మీద దుప్పటి కప్పాలి. ఆ తర్వాత సంగతి ఆ తర్వాత.

పడవంటే మామూలు పడవ కాదు. టేకు పలకలు, రాగి మేకులు, నడుమ తెరచాప కట్టే కొయ్య. ఎప్పటిదో పాతకాలం పనితనం. సముద్రం ఒడ్డున షెడ్డులో ఆరేళ్లుగా ఎండుతోంది. టైలరు ప్రతి ఆదివారం వెళ్లి, దాన్ని టేపుతో కొలిచి, నిమిరి వచ్చేవాడు. చివరికి షెడ్డు యజమాని కబురు పెట్టాడు. "సాయంత్రంలోగా తీసుకుపోతే పడవ నీది. లేకపోతే రంపం వాళ్లకిచ్చేస్తా, కట్టెలు కొట్టుకుంటారు. నీ 'రేపు' నా దగ్గర చెల్లదు."

ఆ మాట ఊరికే అనలేదు. ముప్పై ఏళ్లుగా కొట్టుకొచ్చిన ప్రతివాడికీ టైలరు చెప్పేది ఒకటే మాట. రేపు రండి.

అతనికి ఈత రాదు. ఇంటి ముందుగదే కొట్టు; దాని పక్కనున్న చోటు పడవ పొడుగుకు అరడుగు తక్కువ. రెండూ అతనికి తెలుసు.

"అరడుగేగా. లోపలికి మడిచి కుట్టేద్దాం," అన్నాడు బావమరిదితో.

బావమరిది ఐసు ఫ్యాక్టరీలో పని చేస్తాడు. దిమ్మలు మోసే నాలుగు చక్రాల బండి అడిగి తెచ్చాడు.

"బావా, అక్కకి చెప్పావా?"

"చెప్పాను."

"పడవని చెప్పావా?"

"ఫంక్షన్ హాలుకి తెర కుడుతున్నానని చెప్పాను."

అదీ జరిగింది. ఆర్నెల్లుగా గది నిండా తెల్లగుడ్డ పరుచుకుని తెరచాప కుడుతుంటే ఇంటావిడకు ఏదో ఒకటి చెప్పాలి కదా. ఆవిడ నమ్మింది. నమ్మడమే కాదు, సగం తనే కుట్టింది, మిషను మీద రెండు వరసలు, బిగించి. రెండో సగం ఇతని వంతు. చేతిసూదితో దూరం దూరంగా కచ్చాకుట్టు వేసి వదిలేశాడు. ట్రయల్ చూడకుండా మిషను కుట్టు వేయడం అతనికి చేతకాదు. ఎవరు చెప్పినా వినడు.

ఆ వీధి ఏటవాలుగా ఉంటుంది. పైన కొట్టు, కింద నీళ్లు. షెడ్డు కాపలాదారు సాయంతో పడవను బండికెక్కించి, బావాబావమరుదులు ఆయాసపడుతూ పైకి తోసి, కొట్టు ముందు ఆపేసరికి తొమ్మిదిన్నర. చక్రాలకు అడ్డంగా నాలుగు ఇటుకలు పెట్టారు.

కొట్టు మెట్టు మీద హెడ్మాస్టరు కూర్చుని ఉన్నారు.

"ఏమయ్యా, సాయంత్రం నా రిటైర్మెంటు సన్మానం. మూడు వారాలైంది. నా కోటేది?"

"అయిపోయిందండీ. ట్రయల్ వేసుకోండి."

వేసుకున్నారు. కుడిచెయ్యి ఉంది. ఎడమచెయ్యి లేదు.

"రెండో చెయ్యి?"

"రే..." అనబోయి టైలరు నాలుక కరుచుకున్నాడు. "గంటలో అండీ."

"ఆ గంటా నీ కళ్లెదుటే ఉంటా. నన్ను తప్పించుకుని ఎక్కడికి పోతావో చూస్తా," అని ఆయన చుట్టూ చూశారు. అప్పుడు కనిపించింది పడవ. "ఇదేమిటి? ఓహో! నా సన్మానానికి స్టేజీ మీద పెట్టేదా? తెర నువ్వే కుడుతున్నావని మీ ఆవిడ చెప్పిందిలే. పడవ కూడానా! ఎందుకయ్యా ఇంత శ్రమ!"

తెర హాలుకని తెలిశాక, ఆ హాల్లో జరగబోయేది ఈయన సన్మానమే కాబట్టి, తెర అందుకేనని ఆవిడ వీధంతా చెప్పేసింది. టైలరు కాదనలేదు. కాదంటే మొదటినుంచీ చెప్పుకురావాలి. హెడ్మాస్టరు మురిసిపోయి బండెక్కి, పడవలో అడ్డపలక మీద కూర్చున్నారు. ఒంటిచేతి కోటు, దాని నిండా గుండుసూదులు.

"బావా, దుప్పటి కప్పేద్దాం. అక్క వచ్చే వేళయింది."

"ఆగరా. తెరచాప ఒక్కసారి కట్టి చూస్తా."

"నీళ్లు లేకుండానా?"

"ట్రయల్‌కి నీళ్లెందుకురా? పెళ్లికొడుకు సూటు ట్రయల్‌కి పెళ్లికూతురు ఉండాలా?"

టైలరు పడవెక్కి, కొయ్యకు తాళ్లు బిగించి, తెరచాప పైకి లాగాడు. చెవి వెనక నుంచి సుద్దముక్క తీశాడు.

పొద్దునపూట అక్కడ గాలి ఊరి మీంచి నీళ్లవైపు వీస్తుంది. పడవలవాళ్లకు ఆ సంగతి తెలుసు. టైలర్లకు తెలియదు. తెరచాప ఒక్కసారిగా పొట్ట ఉబ్బించింది.

"ఛాతీ దగ్గర చక్కగా కూర్చుంది," అన్నాడు టైలరు. ఇటుకలు ఒక్కొక్కటే పక్కకు దొర్లాయి.

"బావా, కదులుతోంది!"

"తెరచాపన్నాక కదలదా మరి!"

బండి వీధి కిందికి బయల్దేరింది. బావమరిది వెనక తాడు పట్టుకుని నాలుగడుగులు ఆపాడు, పది అడుగులు పరిగెత్తాడు, ఆ తర్వాత తాడు వదిలేశాడు. మంగలి కత్తితో బయటికొచ్చాడు. అతని వెనకే సగం గడ్డం గీయించుకున్న మనిషీ వచ్చాడు. ఇద్దరూ హెడ్మాస్టరును గుర్తుపట్టి చప్పట్లు కొట్టారు.

"ఊరేగింపు కూడా ఉందా?" అన్నారు హెడ్మాస్టరు, కుడిచెయ్యి ఊపుతూ.

సరిగ్గా అప్పుడే టైలరు భార్య సంచీతో ఎదురొచ్చింది. ముందు తన కుట్టును గుర్తుపట్టింది. తర్వాత మొగుణ్ణి.

"ఏమండీ! ఎక్కడికండీ?"

"డెలివరీకి!"

"హాలు అటు కాదండీ! ఇటు!" అంటూ ఆవిడ కూడా వెనక పరుగు తీసింది.

నీళ్ల అంచున ఇసుకలో చక్రాలు దిగబడ్డాయి. బండి ఆగింది. పడవ ఆగలేదు. నున్నగా జారి నీళ్లలోకి దిగి, తేలింది. టైలరు ఛాతీ కూడా తెరచాప లాగే ఉబ్బింది. అంతలో అతని సగం కుట్టు పర్రుమని విడిపోయింది. ఆరేళ్లు ఎండిన పలకల సందుల్లోంచి అన్నివైపులా నీళ్లొచ్చాయి. నడుంలోతు నీళ్లలో పడవ తాపీగా కూర్చుంది. అందులో హెడ్మాస్టరు, ఛాతీదాకా.

టైలరు రెండు చేతులా కొయ్యను వాటేసుకున్నాడు.

భార్య ఒడ్డుకొచ్చి ఆయాసం తీర్చుకుంది. "ఇదేనా ఫంక్షన్ హాలు?"

"పడవే. ఆరేళ్లుగా దాని మీదే మనసు. చెప్తే వద్దంటావని."

"వద్దనే అనేదాన్ని. అంటూనే సగం కుట్టేదాన్ని. చూసుకోండి, చిరిగింది ఎవరి సగమో."

టైలరు తలదించుకున్నాడు. "పోయిందే. కట్టెల కిందికే ఇక."

షెడ్డు కాపలాదారు గట్టు మీంచి నవ్వాడు. "ఎక్కడికి పోయిందండీ? ఎండిన చెక్క పడవని ముందు ముంచాల్సిందే. మూడు రోజులు నానితే పలకలు ఉబ్బి సందులు మూసుకుపోతాయి. అప్పుడు నీళ్లు తోడేస్తే చాలు, తేలుతుంది. మీరు తీసుకెళ్లి కొట్టు పక్కన ఎండలో పెట్టుంటే నెల తిరిగేసరికి విచ్చుకుపోయి నిజంగానే కట్టెలయ్యేది. ఇక్కడే కట్టేసుకోండి. షెడ్డు దాటింది, ఇక మీదే."

టైలరు మళ్లీ నిటారుగా నిలబడ్డాడు. నీళ్లలో చోటుకు కొలత అక్కర్లేదు.

అందరూ భయపడింది హెడ్మాస్టరు గురించి. ఆయన కదలకుండా దూరంగా నీళ్లూ ఆకాశమూ కలిసే గీత చూస్తున్నారు. "నలభై ఏళ్లు గ్లోబు తిప్పి పిల్లలకి సముద్రాలు చూపించానయ్యా. సముద్రంలో కూర్చోవడం ఇదే మొదలు. సన్మానమైపోయింది. సాయంత్రం వాళ్లు చేసేది ఊరికే."

"అయితే తెరచాప ఎప్పటికవుతుంది?" అన్నాడు కాపలాదారు.

"రేపు," అన్నాడు టైలరు, ఏమాత్రం తడబడకుండా.

హెడ్మాస్టరు కోటు చెయ్యి లేని తన ఎడమచేతిని నీళ్లలోంచి పైకెత్తి చూపించారు.