కిరణం సోకని మాంసం

మా పాప చదివే బడిలో వండే మాంసానికి ఎలాంటి కిరణాలూ సోకలేదని శాస్త్రీయంగా రుజువైందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. ఏ పుట్టలో ఏ పాముందోనని గుండె అరచేత పట్టుకు తిరిగే నాలాంటి తల్లులు ఇక నిశ్చింతగా ఉండవచ్చు.

అసలు మేము ఫిర్యాదు చేసింది కంపు గురించి. గిన్నె మూత తీస్తే పిల్లలు ముక్కు మూసుకుంటున్నారు. మా పాప రెండుసార్లు వాంతి చేసుకుంది. బడివారు తక్షణమే స్పందించి ఒక ముక్కను ప్రయోగశాలకు పంపారు. అక్కడ కంపును పట్టే మిషను లేదు. కిరణాల జాడ పట్టేది కొత్తగా కొన్నారు. ఉన్న మిషనుతోనే కదా పరీక్ష చేయాలి.

ప్రయోగశాల పెద్దాయన తల్లిదండ్రుల సమావేశానికి స్వయంగా విచ్చేశారు. మైకు సవరించుకుని సెలవిచ్చారు: "మాంసానికి కిరణాలు పెడితే కొవ్వులో ఒక ప్రత్యేకమైన రసాయనం పుడుతుంది. అదే గుర్తు. మీ మాంసంలోని కొవ్వు తీసి, వడగట్టి, జల్లెడ పట్టి చూశాం. ఆ రసాయనం మచ్చుకైనా లేదు."

వెనక వరసలోంచి ఎవరో పిల్లవాడి తాతగారు అడిగారు. "అసలా కిరణాలు ఎందుకు పెడతారు బాబూ?"

"సూక్ష్మజీవుల్ని చంపడానికండీ."

"మరి మన మాంసంలో ఉన్నవి?"

"వాటికి ఏ హానీ జరగలేదు."

హాలంతా చప్పట్లు.

నేను లేచి, "మరి కంపు సంగతేంటండీ?" అన్నాను. మా ఎదురింటి వదిన కొంగు పట్టి లాగింది. "కూర్చో తల్లీ. అంత చదువుకున్నాయన చెబుతుంటే మధ్యలో నీ ముక్కొకటి."

పెద్దాయన దయగా నవ్వారు. "కంపు మా నివేదిక పరిధిలోకి రాదమ్మా."

పరిధిలోకి రానిది పళ్ళెంలోకి ఎలా వచ్చిందని అడిగేంత చదువు నాకు లేదు. కూర్చున్నాను.

నివేదికకు అద్దం కట్టించి భోజనాల గదిలో తగిలించారు. ఈగలు ముందు దాని మీద వాలి, సావకాశంగా చదువుకుని, ఆ తర్వాతే గిన్నెల మీదికి వస్తున్నాయి.

నిన్న సాయంత్రం పాప వచ్చి సంచీ దించకుండానే చెప్పింది. "అమ్మా, ఇవాళ కూడా కంపు కొట్టింది. నేను తినలేదు."

"మిషనుకే తెలియని వాసన నీకెలా తెలిసిందే?" అన్నాను. పిల్ల ముక్కుకేమైందో ఏమిటో. వెంటనే ముక్కు డాక్టరుగారికి ఫోను చేశాను. వచ్చే వారం దాకా ఖాళీ లేదట. మా బడి తల్లులంతా ముందే పేర్లు రాయించుకున్నారట.

మీ పిల్లలకు కూడా ఇంకా వాసన తెలుస్తూ ఉంటే, దయచేసి ఆలస్యం చేయకండి.