భర్త అను డేటా టైపు

సుభాషిణి కంప్యూటర్ క్లాసులో ‘భర్త’ అనే కొత్త డేటా టైపు తయారుచేసి వచ్చిన సాయంత్రానికల్లా, ఆమె భర్త ముకుందంలో ఆ టైపులో రాసిన నాలుగు అంశాలు తప్ప మరేమీ మిగల్లేదు.

తణుకు బస్టాండు ఎదురుగా మేడ మీదున్న ఆ ఇన్‌స్టిట్యూట్‌లో ఇలాంటివి మామూలే. అంకెనో మాటనో విడిగా దాచుకోవడం మొదటి పాఠం. వాటిని మూటగా కట్టి, ఆ మూటకు మనకు నచ్చిన పేరు పెట్టుకోవడం తర్వాతి పాఠం; ఆ మూటే డేటా టైపు. ఎవరి మూట వాళ్లను కట్టుకోమన్నారు ఆదిశేషయ్య మాస్టారు. పక్క సీటతను ‘మోటారు సైకిలు’ కట్టాడు. సుభాషిణి ‘భర్త’ కట్టింది: పేరు, వయసు, ఉద్యోగం, సొంతిల్లు ఉందా లేదా. ఆ చివరిదాంట్లో అవును, కాదు తప్ప మరో జవాబు పట్టదు. ముకుందం వివరాలు నింపి, సేవ్ చేసి, బస్సెక్కింది.

ఇంట్లో ముకుందం కుర్చీలో కూర్చుని ఉన్నాడు. కూర ఎలా ఉందంటే ఉద్యోగం చెప్పాడు. ఒంట్లో ఎలా ఉందంటే వయసు చెప్పాడు. ఆమె అతని చెయ్యి పట్టుకుని, నా మీద కోపమా అని అడిగింది. “కాదు” అన్నాడు. ఆమె మనసు కుదుటపడింది. అది సొంతిల్లు సంగతని కాసేపటికి గాని తెలియలేదు. వాళ్లుండేది అద్దింట్లో.

మర్నాడు అతను పనిచేసే కరెంటాఫీసులో ఎవరూ తేడా కనిపెట్టలేదు. ఇన్నేళ్లకు మనిషి దారికొచ్చాడని పై అధికారి మెచ్చుకున్నాడు కూడా. చుట్టాల పెళ్లిలో అతను వరసగా ఆ నాలుగూ అప్పజెబుతుంటే, విన్నవాళ్లు తృప్తిగా తలలూపి భోజనాలకు లేచారు.

సుభాషిణి భయపడి తల్లికి ఫోన్ చేసింది. తల్లి రాజ్యలక్ష్మి అంతా ఓపిగ్గా విన్నది.

“ఇంకేం కావాలే నీకు? సంబంధం చూసినప్పుడు మేమూ ఈ నాలుగే అడిగాం. ఐదోది అడగాలని ఎవరికి తోచింది గనక?”

సుభాషిణి ఏడ్చింది. సొంతిల్లు దగ్గరున్న ఆ ‘కాదు’ని ‘అవును’గా మార్చడం కుదురుతుందేమో మాస్టారిని కనుక్కోమని చెప్పి, రాజ్యలక్ష్మి ఫోన్ పెట్టేసింది.

మాస్టారు విసుక్కోలేదు. ఈ ఇబ్బంది ప్రతి బ్యాచ్‌లోనూ వస్తుందనీ, టైపు తెరిచి కొత్త అంశం చేర్చుకోవచ్చనీ అన్నారు. ఆ అంశంలో ఇదివరకు ఏం ఉండేదో మాత్రం ఆమే నింపుకోవాలట.

“అది మిషనుకి తెలీదమ్మా. మీకు తెలిస్తేనే.”

సుభాషిణి టైపు తెరిచింది. నాలుగో అంశం కింద కర్సర్ మిణుకుమిణుకుమంటోంది. ‘ఇష్టం’ అని కొట్టింది. అతనికి ఏమిష్టమో గుర్తుకు రాలేదు. అది చెరిపి ‘భయం’ అని కొట్టింది. అతను దేనికి భయపడేవాడో ఎప్పుడూ అడగలేదు. ‘కల’ అన్న మాట దగ్గర వేళ్లే కదల్లేదు. ఇన్నేళ్లుగా పక్కనే పడుకున్న మనిషి గురించి తన దగ్గరున్నవీ ఆ నాలుగే. అన్నీ చెరిపేసి, టైపును ఉన్నదున్నట్టుగా మూసేసింది.

మాస్టారు చూసి, పొందికగా ఉందని మెచ్చుకుని, దాన్నే క్లాసంతటికీ నమూనాగా ఇచ్చారు. పెళ్లయిన ఆడవాళ్లంతా అందులో తమ తమ భర్తలను నింపుకున్నారు. ఎవరికీ ఏదీ తక్కువ పడలేదు.