తోటలో గిన్నెలు తోమిన బావగారు

భూమిని కాపాడటానికి ఎవరూ పని చేయనక్కర్లేదు. పని ఎలా చేయాలో నేర్చుకుంటే చాలు!

ఈ మాట వినగానే మీలో కొందరు మొహం చిట్లిస్తారని తెలుసు. చిట్లించండి. మా ఊరి చివర, బస్సుల షెడ్డు వెనక, ఉమ్మడి తోటలో ప్రతి ఆదివారం జరిగే వర్క్‌షాపులు చూడనివాళ్ళు అలాగే చిట్లిస్తారు. చూసినవాళ్ళు మాత్రం చప్పున ఫోన్ తీసి సెల్ఫీ దిగుతారు.

ఆ తోట నడిపే ఆయన్ని ఊరంతా మట్టి మాస్టారు అంటుంది. గోళ్ళలో మట్టి, గడ్డంలో గడ్డిపరక, మాటలో మెత్తదనం. పాపం, మొదట్లో ఆయన గేటుకు ఒక కాగితం అంటించాడు. "తోటలో కలుపు పెరిగిపోయింది. దయచేసి వచ్చి సాయం చేయండి." ఒక్క పురుగు వస్తే ఒట్టు. నిజానికి పురుగులే వచ్చాయి, మనుషులు రాలేదు. ఆరు నెలలు చూసి, ఆ కాగితం చించేసి ఇంకోటి అంటించాడు. "కలుపు మొక్కతో కరచాలనం! హ్యాండ్స్ ఆన్ వర్క్‌షాప్. సీట్లు పరిమితం. సర్టిఫికెట్ ఇవ్వబడును."

మర్నాటికి గేటు ముందు క్యూ! సీటు దొరకని ఒక డాక్టరుగారు కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. దొరికిన ఒక లాయరుగారు రెండు గంటలు వంగి కలుపు పీకి, నడుం పట్టేసి, నలుగురు మోస్తే కారెక్కి, "జీవితంలో ఇంత ఆనందం ఎరగను" అన్నారు.

ఇది వరం కాదా? మీరే చెప్పండి. సాయం అంటే రాని మనిషి, సీటు లేదంటే పరిగెత్తుకొస్తాడు!

ఇక్కడికి పర్యావరణం కోసం వచ్చే కార్లు నిలపడానికి చోటు చాలక, ఈ మధ్యే పాలకూర మడి ఒకటి చదును చేశారు. దానికీ కొందరు గొణిగారు. పాలకూరదేముంది, మళ్ళీ వేసుకోవచ్చు. స్పృహ ఒకసారి పోతే మళ్ళీ వస్తుందా?

ఇంతకూ ఈ విషయంలో నాకింత పట్టు ఎలా వచ్చిందంటే, మా బావగారి వల్ల. మా అక్క భర్త. కరెంటాఫీసులో సూపరింటెండెంట్. సర్టిఫికెట్ ఇస్తామంటే గోడ దూకడం కూడా నేర్చుకునే మనిషి. పైగా ఆయనది ఒక సిద్ధాంతం. ఒక పని నేర్చుకున్నాక మళ్ళీ దాన్ని చేయడం అంటే, పదో తరగతి పాసై మళ్ళీ పదో తరగతిలో కూర్చోవడమే!

ఈ సిద్ధాంతం వాళ్ళ ఆఫీసులో అందరికీ ఉంది. ఆ మధ్య అక్కడ చెత్తబుట్ట అంటుకుంది. మంటలార్పడంలో శిక్షణ పొందినవాళ్ళు పదకొండు మంది ఉన్నారు. ఏ రంగు సిలిండర్ ఏ రకం మంటకు వాడాలో వాళ్ళు గట్టిగా చర్చించారు. చర్చ సగంలో ఉండగా, ఏ శిక్షణా లేని ఊడ్చే ఆవిడ బకెట్టెడు నీళ్ళు కుమ్మరించి, బుట్ట బోర్లించి వెళ్ళిపోయింది. ఆవిడకు మెమో ఇచ్చారు.

ఉమ్మడి తోటలో బావగారు మొదట నేర్చుకున్నది సబ్బు చేయడం. నాలుగు గంటలు శ్రమపడి ఒక సబ్బు చేశారు. అది ఇప్పుడు షోకేసులో ఉంది. దాన్ని నీళ్ళలో ముంచడానికి ఆయనకు మనసు రాదు.

తర్వాత చిరిగిన బట్టలు రఫూ చేసుకోవడం. "ఇంటి నుంచి ఒక చిరిగిన బట్ట తెచ్చుకోండి" అన్నాడు మట్టి మాస్టారు. ఇల్లంతా వెతికినా చిరిగిన బట్ట లేదు. మా అక్క ఎప్పటికప్పుడు కుట్టేస్తుంది మరి! ఆయన ఏమైనా వెనకడుగు వేశారా? కొత్త చొక్కా తీసి, కత్తెరతో చక్కగా ఒక కన్నం చేసి తీసుకెళ్ళారు. ఆ కన్నం పూడ్చినందుకు సర్టిఫికెట్ వచ్చింది. చొక్కా మాత్రం గుడ్డపేలికల్లోకి పోయింది.

ఆ తర్వాత కంపోస్టు. వంటింటి చెత్త ఒక బకెట్ కావాలి. మా అక్క వంటింట్లో చెత్త పోగవడం అంటే, పిల్లి ముందు పాలు మిగలడం లాంటిది. ఆయన బజారుకెళ్ళి మూడు కిలోల క్యారెట్లు కొని, ముక్కలు చేసి, అవి కుళ్ళేదాకా నాలుగు రోజులు భక్తిగా కాపలా కాశారు. ఇంత శ్రద్ధ ఈ రోజుల్లో ఎవరికుంది?

ఈ సర్టిఫికెట్ల గురించి కూడా చెప్పాలి. మామూలు కాగితం కాదది, లోపల విత్తనాలు కలిపి చేసిన కాగితం. చదువుకున్నాక మట్టిలో పాతితే బంతి మొక్క వస్తుందట. అలాంటివి పద్నాలుగింటిని బావగారు ప్లాస్టిక్‌తో లామినేషన్ చేయించి హాల్లో తగిలించారు. ఇక అవి వందేళ్ళు చెక్కు చెదరవు. మొలకెత్తే ప్రమాదం అసలే లేదు!

ఇన్ని విజయాల మధ్య మా అక్కదొక చిన్న కోరిక. ఆమె ఆసుపత్రిలో నర్సు. శనివారం రాత్రంతా డ్యూటీ చేసి, ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇల్లు చేరుతుంది. చేరాక మధ్యాహ్నం దాకా కంటినిండా నిద్రపోవాలి. అంతే! నగలు అడిగిందా, మేడ అడిగిందా? నాలుగు గంటల నిద్ర. అదీ ఏడాదిన్నరగా ఒక్క ఆదివారం కూడా దక్కలేదు. ఆరింటికల్లా బావగారు తోటకు పోతారు. అక్క వచ్చేసరికి సింకు నిండుగా, తొమ్మిదేళ్ళ మా మేనకోడలు ఆకలిగా, బట్టల బుట్ట పొంగుతూ ఎదురుచూస్తుంటాయి. ఆ పనులన్నీ అయి, ఆమె కళ్ళు మూసుకునేసరికి బావగారు బురద బూట్లతో వచ్చి, ఆ రోజు నేర్చుకున్నది వివరంగా చెబుతారు.

"ఏవండీ, ఒక్క ఆదివారం ఇంటిపట్టున ఉండరూ? కళ్ళు మండిపోతున్నాయి" అంది అక్క ఒకసారి నా ముందే.

"ఉండేవాణ్ణే. కానీ ఈ వారం నీటి పొదుపు. భూగర్భ జలాలు అడుగంటిపోతున్నాయి. నీ నిద్రదేముంది, రేపైనా పోవచ్చు" అన్నారు బావగారు.

ఎంత విశాల దృష్టి! నేను ఆయన పక్షమే వహించాను. అక్క నా వైపు చూసిన చూపు మాత్రం ఇక్కడ రాయను.

ఇలా ఉండగా ఒక ఆదివారం అక్క డ్యూటీ దిగి వచ్చి, ఒక చుక్క టీ తాగుదామని వంటింట్లోకి వెళ్ళింది. గిన్నె లేదు. ఇంకో గిన్నె కోసం చూసింది. అదీ లేదు. అలమరా ఖాళీ, గూళ్ళు ఖాళీ, చివరికి గరిటెలు కూడా మాయం. దొంగలు పడ్డారని కేక పెట్టింది.

"దొంగలు కాదమ్మా, నాన్న! గిన్నెలన్నీ క్లాసుకి తీసుకెళ్ళాడు" అంది కూతురు, బిస్కెట్ నములుతూ.

అక్క బట్టలైనా మార్చుకోలేదు. పిల్లని పక్కింటి పెద్దావిడకు అప్పగించి, తెల్ల యూనిఫామ్‌తోనే బస్సెక్కి తోటకు వెళ్ళింది. మా ఇల్లు తోటకు పక్క వీధే కదా అని నాకూ ఫోన్ చేసి రమ్మంది. కాబట్టి తర్వాత జరిగిందానికి నేనే సాక్షిని.

తోటలో చెట్ల కింద ఇరవై మంది మగవాళ్ళు వరసగా పీటల మీద కూర్చుని ఉన్నారు. డాక్టరు, లాయరు, బ్యాంకు మేనేజరు. మధ్యలో మా బావగారు, పంచె ఎగ్గట్టి, మా అక్క గిన్నెలు తోముతూ! బూడిద, ఎండుగడ్డి, ముంతెడు నీళ్ళు. గిన్నె తళతళలాడేసరికి ఆయన దాన్ని పైకెత్తి అందరికీ చూపించారు. చప్పట్లు మోగాయి. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఆయన గిన్నె తోమడం నేను చూడటం అదే మొదలు.

అక్క నేరుగా ఆయన పీట ముందుకు వెళ్ళింది. అరుస్తుందనుకున్నాను. అరవలేదు.

"ఇంట్లో ఒక్క గ్లాసు కడగమంటే నడుం నొప్పి అంటారే?" అని మాత్రం అంది.

"ఇంట్లో చేసేది గిన్నెలు కడగడం. ఇది లైఫ్ స్కిల్" అన్నారు బావగారు, ఓపిగ్గా, చిన్నపిల్లకు చెప్పినట్టు. "దీని వెనక ఒక ఫిలాసఫీ ఉంది. నీకు తర్వాత చెబుతాను."

"సరే, కడిగినవి ఇచ్చేయండి, తీసుకెళ్తాను."

"ఇంకా గ్రూప్ ఫొటో కాలేదు. ఒక్క అరగంట కూర్చో."

కూర్చోవడానికి పక్కన గడ్డిపాకలో ఒక చాప కనిపించింది. అక్క దానిమీద కూర్చుంది. రెండు నిమిషాల తర్వాత చూస్తే ఒరిగింది. మూడో నిమిషంలో గురక.

ఏం గురకండీ అది! ఏడాదిన్నర ఆదివారాలన్నీ కలిపి ఒక్కసారిగా పెట్టిన గురక. గిన్నెలు తోమేవాళ్ళ చేతులు ఆగిపోయాయి. అందరూ లేచి వచ్చి పాక చుట్టూ మూగారు. గ్రూప్ ఫొటోకు పిలిచినా కదలలేదు, డెక్చీ కిందపడి దొర్లినా కదలలేదు, ఒక కోడిపుంజు ఆమె చెవి పక్కనే కూసినా కదలలేదు. బావగారు సిగ్గుతో భుజం తట్టబోయారు. మట్టి మాస్టారు గబుక్కున ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

"లేపకండి సార్! చూడండి... ఏసీ లేదు, మాత్ర లేదు, ఫోన్ లేదు. కరెంటు ఒక్క యూనిట్ ఖర్చు కాలేదు. ఇంతకంటే సుస్థిర జీవనం ఇంకేముంటుంది?" అన్నాడు గొంతు తగ్గించి.

ఇరవై మందీ నోట్సు రాసుకున్నారు. లాయరుగారు గురకల మధ్య విరామం ఎంతో లెక్కపెట్టారు.

అక్క ఒంటిగంటకు లేచింది. లేచేసరికి మట్టి మాస్టారు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. వచ్చే ఆదివారం నుంచి "సహజ నిద్ర" అని కొత్త వర్క్‌షాప్ పెడుతున్నామని, దానికి ఆమే రిసోర్స్ పర్సన్‌గా ఉండాలని వేడుకున్నాడు.

"నేనేం చెప్పాలి?" అంది అక్క, కళ్ళు నులుముకుంటూ.

"ఏమీ చెప్పనక్కర్లేదమ్మా. డెమో ఇస్తే చాలు. పొద్దున ఎనిమిదిన్నర నుంచి ఒంటిగంట దాకా."

"అలాగే" అంది అక్క. నిజం చెప్పొద్దూ, ఆమె మొహంలో అంత వెలుగు నేను ఆమె పెళ్ళిలో కూడా చూడలేదు.

ఇక బావగారి పరిస్థితి చూడండి. వద్దనడానికి నోరు రాదు. వర్క్‌షాపును వద్దంటే ఇంకేమైనా ఉందా! పైగా రిసోర్స్ పర్సన్ భర్త అనే హోదా ఒకటి. కాకపోతే ఇద్దరూ తోటలో ఉంటే పిల్లని ఎవరు చూస్తారు? పక్కింటి పెద్దావిడ ఆదివారాలు ఊరెళ్ళడం మొదలుపెట్టింది, కావాలనే అని నా అనుమానం. అందుకని ఆయన ఇంట్లో ఉండిపోయారు. మొదటి ఆదివారం ఆయనా పిల్లా బిస్కెట్లు తిన్నారు. రెండో ఆదివారం ఏదో వండారు, అదేమిటో మా మేనకోడలు ఇప్పటికీ చెప్పడం లేదు. మూడో ఆదివారానికి సింకు ఖాళీ అయింది. చూసి మెచ్చుకునేవాళ్ళు లేక ఆయన కుంగిపోతున్నారని వినికిడి.

అక్క వర్క్‌షాప్ సంగతి ఊళ్ళో గుప్పుమంది. మొదటి వారం నలుగురు ఆడవాళ్ళు చేరారు. రెండో వారం ముప్పై మంది. నాలుగో వారానికి గడ్డిపాక చాలక, కార్లు నిలిపేచోట కూడా చాపలు పరిచారు. డాక్టరుగారి భార్య, లాయరుగారి తల్లి, బ్యాంకు మేనేజరుగారి ఇద్దరు వదినలు, అందరూ వరసగా పడుకుని సాధన చేస్తున్నారు. మగవాళ్ళంతా ఇళ్ళలో ఉండిపోవడంతో కలుపు వర్క్‌షాపుకు ఒక్కడూ లేడు. మట్టి మాస్టారు ఒక్కడే వంగి పీక్కుంటున్నాడు, చప్పుడు కాకుండా.

మొన్న ఆదివారం నేనూ వెళ్ళాను. అక్క లేచేదాకా గేటు దగ్గర గంటసేపు కూర్చున్నాను. లేచి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని వచ్చింది.

"అక్కా, ఇంట్లో మంచం ఉంది, పరుపు ఉంది. ఇప్పుడు బావ కూడా దారిలో పడ్డాడు కదా. ఇంకా ఈ గడ్డిలో పడుకోవడం ఎందుకు చెప్పు?" అన్నాను.

"ఒరే, ఆ మంచం మీద పడుకుంటే నేను ఇంట్లో ఉన్నట్టు లెక్క. ఇంట్లో ఉంటే మేలుకుని ఉన్నట్టే లెక్క" అంది అక్క. "ఇక్కడైతే ఎవరూ వచ్చి భుజం తట్టి, ఉప్పు డబ్బా ఎక్కడుంది అని అడగరు."

ఆమె వెనక, పాకలో మూడో చాప మీద, మా ఆవిడ గాఢంగా నిద్రపోతోంది. పోయిన వారమే చేరింది. నిద్రలో ఆమె మొహం ఇంత ప్రశాంతంగా ఉంటుందని నాకు తెలియదు. ఎలా తెలుస్తుంది? ఇంట్లో నాకంటే ముందు లేచేది, నా తర్వాత పడుకునేది.

నేను ఆ పూట తోటకు వెళ్ళింది అక్క అభిప్రాయం కనుక్కోవడానికి కాదు. మా ఆవిడను ఒక్క నిమిషం లేపి, మా ఉప్పు డబ్బా ఎక్కడుందో అడుగుదామని.

అడక్కుండానే తిరిగొచ్చాను. ముప్పావుగంట వెతికితే దొరికింది. పొయ్యి పక్కనే ఉంది.