సర్కారు వారు జరిపించిన మారుమనువు

కందికాయలు ఒలుస్తున్నాం. చేటలో గింజలు, ఒళ్లో పొట్టు. ఎదురుగా మా పెద్దమ్మ బుచ్చవ్వ. ఇద్దరి మధ్య, పొట్టులో సగం మునిగి, పొద్దున పోస్టులో వచ్చిన మండల ఆఫీసు కవరు ఉంది. ఒలవడం అయ్యాక చదువుదామని పెద్దమ్మ అన్నది. సర్కారు జవాబు ఎప్పుడు విప్పినా చల్లారిపోయేదేమీ ఉండదని ఆమె అనుభవం.

ఈలోగా మీకొక మాట చెప్పాలి. పట్టా పుస్తకంలో తప్పు పడటం రైతుకు పట్టే అదృష్టం! ఆ తప్పు ఎందుకు పడిందని సమాచార హక్కు కింద అడగగలగడం అంతకు మించిన అదృష్టం! రెండూ కలిసొచ్చిన ఇల్లు మాది. దిష్టి తగలకుండా గడపకు నిమ్మకాయ కట్టుకున్నాం.

నమ్మరా? మా ఊళ్లోనే చూడండి. పోచాలు, లింగాలు అని అన్నదమ్ములున్నారు. చేని గట్టు కోసం కర్రలతో కొట్టుకున్నవాళ్లు. పెద్దమనుషులు కూర్చోబెట్టారు, పోలీసులు నిలబెట్టారు, మేనమామ ఏడ్చాడు. కలవలేదు. కంప్యూటరు కలిపింది! ఇద్దరి చేన్లనూ ఊళ్లో ఎవరూ ఎన్నడూ చూడని ఒక మూడో మనిషి పేర ఎక్కించింది. ఇప్పుడు ఇద్దరూ ఒకే బండి మీద మండలానికి వెళ్తున్నారు, ఒకే టీ చెరిసగం తాగుతున్నారు. ఏ పంచాయితీ చేయగలిగింది ఈ పని?

ఇంకొకాయన పత్తిచేను రికార్డులో చెరువు శిఖం, అంటే చెరువు అడుగు భూమి, అయింది. బోరు వేసి వేసి ఆశ వదులుకున్న చేను అది. కాగితం మీదనైనా నీళ్లొచ్చాయి కదా! కాలువ తవ్వకుండా, మోటారు పెట్టకుండా చేను నింపడం ఇంకెవరి వల్ల అవుతుంది? చెరువైతే వల ఇప్పించండని ఆయన దరఖాస్తు పెట్టుకున్నాడు. ముందు చేపల వివరాలు సమర్పించమని జవాబు వచ్చింది.

అయితే మా పెద్దమ్మకు దక్కిన భాగ్యం ముందు ఇవన్నీ దిగదుడుపే. ఆమెకు సర్కారు పెళ్లి చేసింది.

మా పెదనాన్న ఓదెలు పోయాడు. పిల్లలు లేరు. వాగు పక్కన ఎకరన్నర నల్లరేగడి మాత్రం ఉంది. ఆ చేనే పెద్దమ్మకు అన్నం, ఆ చేనే పలకరింపు. దాన్ని తన పేర ఎక్కించుకుందామని, బడిలో రెవెన్యూ సార్లు కూర్చున్న రోజు వెళ్లి వరుసలో నిలబడింది. కంప్యూటరు ముందున్న సారు తల ఎత్తకుండానే "భర్త పేరు?" అన్నాడు.

మా వైపు ఆమె ఈడు ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో అనరు. బతికుండగా అనరు, పోయాక అసలే అనరు. ఎవరైనా అడిగితే పక్కవాళ్ల వైపు చూస్తారు. పక్కవాళ్లు చెబుతారు. ఆసుపత్రిలోనైనా, ఓటు వేసే చోటనైనా అట్లాగే నడిచిపోతుంది. ఆ రోజు పెద్దమ్మ వెనక నిలబడింది పక్కచేను కనకయ్య. నువ్వు చెప్పవయ్యా అన్నట్టు అతని వైపు చేయి చూపించింది.

సారు ఆ చేయిని చూశాడు. చేయి చూపించిన మనిషిని చూశాడు.

"నీ పేరేంది?"

"కనకయ్య సార్."

అంతే! డప్పు లేదు, పందిరి లేదు, ఒక్కరికీ భోజనం లేదు. మీట నొక్కగానే మారుమనువు అయిపోయింది. పెళ్లి ఖర్చులు తగ్గించాలని ఉపన్యాసాలిచ్చే వాళ్లందరూ ఒకసారి మా ఊరి బడికి వచ్చి దండం పెట్టి పోవాలి.

ఇక మిగతాదంతా న్యాయశాస్త్రం. కనకయ్య భార్య బుచ్చవ్వ ఓదెలుకు వారసురాలు ఎట్లా అవుతుంది? కాదు. కాబట్టి ఓదెలుకు వారసులు లేరు. వారసులు లేని భూమి సర్కారుది. సర్కారుకు కరెంటు సబ్‌స్టేషన్ కట్టుకోవడానికి ఆ వైపే జాగా కావాలి. చూశారా, అన్నీ ఎంత చక్కగా కుదిరాయో! మొన్న వచ్చి, కోతకొచ్చిన కందిలోనే నాలుగు మూలలా ఎర్రరంగు హద్దురాళ్లు పాతి వెళ్లారు. మేం ఇప్పుడు ఒలుస్తున్నవి ఆ చేని కాయలే. లెక్క ప్రకారం సర్కారు సొత్తు. దొంగకందికి ఉండే రుచి మీకేం తెలుసు!

సంగతి తెలిసి కనకయ్య భార్య మైసవ్వ ఇంటికే వచ్చింది. తిడుతుందనుకున్నాం. వచ్చి అరుగు మీద చతికిలబడింది.

"అక్కా, ఇన్నేండ్లకు నాకొక సవితి దొరికినవ్. ఇగ సోమారం సంది ఈయనకు నువ్వే వండిపెట్టు. నాకు జర నడుము వాల్చ వీలైతది."

"నీ మొగన్ని నువ్వే ఉంచుకోవే తల్లీ," అన్నది పెద్దమ్మ. "నాకు కంది కోసెటోడు కావాలె గని, వండితే తినెటోడు ఎందుకు?"

బయట కనకయ్య చెప్పులు వదలకుండా నిలబడే ఉన్నాడు. "వదినె, నేను నా పేరు చెప్పిన గని నిన్ను చేసుకుంటనన్ననా?" అని ఏడుపు మొహం పెట్టాడు. మైసవ్వ నవ్వీ నవ్వీ దగ్గింది.

తప్పు పడింది దిద్దండని మండలానికి ఎన్ని మార్లు తిరిగామో చెప్పను. తిరగడం ఒంటికి మంచిది. ఆఖరికి అక్కడి వాళ్లే సమాచార హక్కు కింద అడగమన్నారు. ఇంట్లో కలం పట్టగలిగింది నేనే కాబట్టి రాశాను: కనకయ్య మా పెద్దమ్మకు భర్త అని ఏ ఆధారంతో రాశారు?

నెల తిరిగేసరికి జవాబు వచ్చింది: ఆమె స్వయంగా చెప్పిన ప్రకారం. అవునా? నోరు తెరవని మనిషి చెప్పింది కూడా విన్నారంటే అది ఎంత గొప్ప యంత్రాంగం! అయితే ఆమె చెప్పినట్టు రాసుకున్న కాగితం నకలు ఇవ్వండని మళ్లీ రాశాను. అందులో కనకయ్య గారి సొంత వివరాలు ఉన్నాయట. భర్త హోదాలో ఆయన ఒప్పుకుని సంతకం పెడితేనే ఇస్తారట.

ఇక్కడ కాస్త ఆగి ఆనందించండి. భర్త హోదాలో కనకయ్య సంతకం పెడితే అతను భర్త అని రుజువైపోతుంది. నేను భర్తను కాదు మొర్రో అని రాసిస్తే, భర్త కానివాడి ఒప్పుదల ఎవరికి కావాలి? ఈ తాళం చేసిన కమ్మరి ఎవరో గానీ, తాళంచెవి లోపలే పెట్టి బిగించాడు.

అప్పీలుకు వెళ్లాం. అప్పీలు వినే అధికారి ఎక్కడో దూరాన ఉంటాడని భయపడ్డాను. అక్కర్లేదు. ఎవరి మీద అప్పీలు చేశామో ఆ సారు పక్క కుర్చీయే. వీపు వెనక ఒక టవలు ఎక్కువ, అంతే తేడా.

"గింత చిన్న ముచ్చటకు గిన్ని కాగితాలెందుకవ్వా?" అన్నాడు టవలు సారు, నిజంగానే జాలిపడుతూ. "మీ ఆయన పేరు నీ నోటితోని ఒక్కపారి చెప్పు. అయిపాయె."

పెద్దమ్మ నా వైపు చూసింది.

"ఆ పిల్ల దిక్కు చూడకు. మల్ల గామెనే నీ మొగుడని రాయాల్సొస్తది," అన్నాడు పక్క సారు. గదిలో అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. రవిక చేయి పైకి జరిపి, మోచేయి కింద పచ్చబొట్టు చూపించింది. పెళ్లయిన ఏడాది జాతరలో పొడిపించుకున్నది. చర్మం ముడతపడినా అక్షరాలు చెడలేదు. ఓదెలు.

"సదువుకో బిడ్డా. నేను అనరాదు. నా చెయ్యి అంటది."

టవలు సారు కళ్లద్దాలు పెట్టుకుని చదివాడు. అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు.

"ఇది సర్టిఫై చేసిన కాపీ కాదు గదవ్వా. ముద్ర లేదాయె."

"సూదులతోని పొడిసిండ్రు సారూ. నెత్తురు కారింది. గంతకన్న ముద్రేముంటది?"

నిబంధనల్లో నెత్తురు లేదు. చేతిని జిరాక్స్ తీయించి జతపరచమన్నారు. జిరాక్స్ దుకాణం అతను పెద్దమ్మ చేయిని అద్దం మీద పరిచి, "కదలకవ్వా," అంటూ మూతను మెల్లగా వాల్చాడు. కాగితం నల్లగా వచ్చింది, మధ్యలో పెదనాన్న పేరు. దాని మీద ఆఫీసులో 'అందినది' అని ముద్ర గుద్దారు.

ఆ అప్పీలు మీద తీర్పే ఇదిగో, ఈ కవరు.

కాయలు అయిపోయాయి. పొట్టు దులిపి, కవరు చించి, పైకి చదివాను. 'రికార్డులో తప్పు ఉన్న మాట వాస్తవమే. కోరిన సమాచారం ఇంతటితో ఇచ్చినందున దరఖాస్తు ముగించడమైనది. తప్పు దిద్దడం సమాచార హక్కు పరిధిలోకి రాదు.'

ఎంత వెలుగు! తప్పని మాకు తెలుసు. తప్పని వాళ్లకూ తెలుసు. వాళ్లకు తెలుసునని ఇప్పుడు ముద్ర వేసి మరీ మా చేతికిచ్చారు. మన సొమ్ము పోతున్న సంగతిని తీసుకుపోయేవాళ్లే సంతకం పెట్టి తెలియజేసే కాలంలో పుట్టాం. పూర్వం వాళ్లకు ఈ భాగ్యం ఏది? వాళ్ల భూములు చెప్పాపెట్టకుండా పోయేవి.

"దిద్దుతరా, దిద్దరా?" అన్నది పెద్దమ్మ.

"తప్పే అంటున్నరు పెద్దమ్మా."

"గది నాకెర్కే. దిద్దుతరా?"

దిద్దే పని ఎవరిదో తెలుపగలరని ఇంకో దరఖాస్తు రాద్దామని తెల్లకాగితం తీశాను. పెద్దమ్మ ఆ కాగితం వైపు ఒకసారి చూసింది. ఒళ్లు దులుపుకుని లేచింది. చేటను గోడకు జరిపింది. కొంగు నడుముకు చుట్టి బిగించింది.

"ఎటు పోతున్నవ్ పెద్దమ్మా?"

ఆమె ఎటు వెళ్తున్నదో సమాచార హక్కు కింద అడిగితే నెల రోజుల్లో తెలిసేది. నాకు అంత అవసరం పడలేదు. తలుపు మూలకు ఉండే గడ్డపార భుజాన వేసుకుని, పెద్దమ్మ గడప దాటి చేని దారి పట్టింది.